పక్కన కూర్చున్న మనిషి

సినిమాల గురించి మాట మీద మాట పెరిగినప్పుడు మా తమ్ముడు అడిగే ప్రశ్న ఒకటుంది: ‘అక్కా, నువ్వు దాన్ని ఎప్పుడు చూశావు?’ చిన్నతనంలో చూసి ఉంటే నా మాట చెల్లదని వాడి లెక్క. వయసుతో పాటు అభిరుచి మారుతుందన్నది లోకం మాట కాబట్టి నేను కాదనను. నా వరకు మాత్రం ఆ ప్రశ్నను ‘ఎవరితో చూశావు?’ అని అడగాలి. సినిమా మీద గానీ, పుస్తకం మీద గానీ, పాట మీద గానీ నా అభిప్రాయం తలకిందులైన ప్రతిసారీ నా పక్కన ఒక మనిషి ఉన్నారు. వాళ్లు లేకపోతే నేను పాత అభిప్రాయంతోనే ఉండిపోయేదాన్ని.

నేను పుట్టి పెరిగింది నల్లగొండలో, రామగిరి వైపు. ఎనభైల్లో మా వీధిలో టీవీ ఉన్న ఇళ్లు తక్కువ. పండుగకో, ఎవరింట్లోనైనా శుభకార్యానికో వీసీఆర్ డెక్కు కిరాయికి తెచ్చి, రాత్రి భోజనాలయ్యాక మొదలుపెట్టి తెల్లవారేదాకా వరుసగా మూడు సినిమాలు వేసేవారు. ముందు చాపలు, వెనక నులక మంచాలు. మొదటి రెండు సినిమాలు పిల్లల కోసం, అంటే పాటలూ ఫైట్లూ నిండుగా ఉన్నవి. మూడోది పెద్దవాళ్ల ఇష్టం. ఒకసారి మా చిన్నాయన మూడో క్యాసెట్టుగా ‘మా భూమి’ తెచ్చాడు. నలుపు తెలుపు బొమ్మ, చీకటి గుడిసెలు, గొంగళ్లు కప్పుకున్న మనుషులు. మన ఇళ్లలో లేనిది చూపిస్తేనే సినిమా అని మా పిల్లల నమ్మకం. మా తాతల్లాంటి వాళ్లను చూడటానికి కిరాయి కట్టి డెక్కు తేవడం ఎందుకో మాకు అర్థం కాలేదు. నేను చాప మీదే నిద్రపోయాను. ఆ తర్వాత చాలా ఏళ్లు ఎవరైనా అడిగితే ‘అందులో కథేమీ ఉండదు’ అని చెప్పేదాన్ని.

దాన్ని మళ్లీ చూసింది నా పెళ్లయిన చాలా ఏళ్లకు, పుట్టింటికి వెళ్లినప్పుడు. తమ్ముడు సీడీ తెచ్చాడు. మా నాయనమ్మది తుంగతుర్తి వైపు ఒక పల్లె. ఆమెకు సినిమాలు గిట్టవు. మేము టీవీ ముందు కూర్చుంటే తను గుమ్మం దగ్గర పీట వేసుకుని ఏదో ఒక పని పెట్టుకునేది. ఆ రోజు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఇంతలో ‘పల్లెటూరి పిల్లగాడా’ పాట వచ్చింది. పశువులు కాసే పసివాణ్ని పట్టుకుని, పాలు మరిచి ఎన్నాళ్లయిందని అడిగే పాట అది. నాయనమ్మ వేళ్ల మధ్య చిక్కుడుకాయ సగం విరిగి, ఈనె వేలాడుతూ, అలాగే ఆగిపోయింది. పాట అయిపోయాక ఎవరూ అడగకుండానే తన తమ్ముడి గురించి చెప్పడం మొదలుపెట్టింది.

ఆమెకు ఒక తమ్ముడు ఉండేవాడని మాకు అప్పటిదాకా తెలియదు. మా నాన్నకు కూడా లీలగానే తెలుసు. అప్పు కింద ఆ పిల్లవాణ్ని దొర దగ్గర జీతానికి పెట్టారట. పాలపళ్లు ఊడే వయసు. చేతిలో కర్ర వాడికంటే ఎత్తుగా ఉండేదట. పొద్దుగూకాక గొడ్లను కొట్టంలో కట్టేసి అక్కడే గడ్డిలో పడుకునేవాడు. ఇంటికి వస్తే తెల్లవారుజామున మళ్లీ వెళ్లేటప్పుడు ఏడుస్తాడని, రావద్దని తల్లే చెప్పిందట. ఒక వానాకాలం జ్వరం వచ్చి పోయాడు. ఇదంతా చెప్పి నాయనమ్మ, ‘ఈ పాట కట్టినాయన వాణ్ని చూసే ఉంటాడు’ అంది. పాట రాసిన సుద్దాల హనుమంతు మా జిల్లా మనిషే. దొరలకూ నిజాంకూ ఎదురు తిరిగిన తెలంగాణ రైతుల సాయుధ పోరాటంలో ఉండి, పాటలు కట్టి పాడినవాడు. ఆ పిల్లవాణ్ని చూడకపోయినా, అలాంటి పిల్లలను ఊరూరా చూసి ఉంటాడు.

ఆ తర్వాత నాయనమ్మ పీట ముందుకు జరుపుకుంది. తెర మీద గడీ కనిపిస్తే తమ ఊరి గడీలో బావి ఏ మూలన ఉండేదో చెప్పింది. వెట్టి సంగతి వస్తే, దొర ఇంట్లో పెళ్లికి వడ్లు దంచడానికి వెళ్తూ వాళ్లమ్మ నెలల పిల్లను పక్కింటి ముసలమ్మకు అప్పగించి వెళ్లడం, మధ్యలో పాలివ్వడానికి కూడా పంపకపోవడం చెప్పింది. నేను పాఠ్యపుస్తకంలో చదువుకున్న ఏడాదులు నాకు గుర్తున్నాయి: 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పుల్లో చనిపోవడం, 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య, 1951లో పోరాట విరమణ. కడవెండి అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉండేది. నాయనమ్మకు ఆ ఏడాదుల లెక్క లేదు. ‘సంఘం వచ్చినప్పుడు’, ‘రజాకార్ల అప్పుడు’, ‘మిలిటరీ వచ్చాక’ అని ఆమెకు మూడే కాలాలు. సినిమా చివరికి వచ్చేసరికి, తమ ఊళ్లో సంఘానికి భయపడి పట్నం పారిపోయిన దొర మిలిటరీ వెంట తిరిగి రావడం గుర్తు చేసుకుంది. ‘కారు అదే, టోపీ ఒక్కటే కొత్తది’ అంది.

ఆ సినిమా పుట్టుక నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది. ఉర్దూలో కిషన్ చందర్ రాసిన నవల దానికి ఆధారం. తీసింది గౌతమ్ ఘోష్ అనే బెంగాలీ యువకుడు, అదే ఆయన తొలి కథాచిత్రం. వెనక నిలబడి నిర్మించింది బి. నర్సింగరావు. ‘బండెనక బండి కట్టి’ పాడింది గద్దర్. కథానాయకుడు రామయ్యగా నటించిన సాయిచంద్, రచయిత త్రిపురనేని గోపీచంద్ కొడుకు. 1979లో ఇంతమంది ఇన్ని దిక్కుల నుంచి వచ్చి మా నాయనమ్మ వాళ్ల ఊరి కథ చెప్పారు. ఆ కథ సగం తెర మీద ఉంది, మిగతా సగం గుమ్మం దగ్గర పీట మీద ఉంది. డెక్కు కిరాయికి తెచ్చిన ఆ రాత్రి కూడా నాయనమ్మ అదే ఇంట్లో ఉంది. పిల్లలకు చలి తగలకుండా దుప్పట్లు కప్పి లోపలికి వెళ్లి పడుకుంది.

దీనికి పూర్తిగా ఎదురు నడిచింది ‘దేవదాసు’. డిగ్రీ చదివే రోజుల్లో నాకు అదంటే ప్రాణం. గడియారం సెంటర్ దగ్గర ఒక దుకాణంలో ఖాళీ క్యాసెట్టు ఇచ్చి, కావలసిన పాటలు కాగితం మీద రాసిస్తే నింపి ఇచ్చేవారు. నేను ‘జగమే మాయ’ను రెండు వైపులా వేయించుకున్నాను, క్యాసెట్టు ఎటు తిప్పినా రావాలని. సంగీతం చేసిన సి.ఆర్. సుబ్బరామన్ 1952లోనే, సినిమా విడుదలకు ముందే, చిన్న వయసులో చనిపోయాడని ఎక్కడో చదివాక ఆ బాణీలు ఇంకా గుండెల్లో గుచ్చుకునేవి. దేవదాసు తాగుతుంటే నాకు తాగుడు కనిపించేది కాదు, ప్రేమే కనిపించేది.

మా పెద్దనాన్న కూతురు, మా అందరికీ పెద్దక్క. ఆమె భర్త సారాకు బానిస. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకినప్పుడు అక్క కూడా వాడకట్టు ఆడవాళ్లతో కలిసి సారా దుకాణం ముందు కూర్చుంది. 1995లో మద్యనిషేధం వచ్చిన రోజు ఇంట్లో పాయసం వండింది. అది రెండేళ్లకే సడలిపోయింది. బావ అంతకు ముందే పోయాడు. ఆ తర్వాత ఎప్పుడో ఒక మధ్యాహ్నం టీవీలో ‘దేవదాసు’ వస్తే నేనూ అక్కా కలిసి చూశాం. నేను పాటలకు పెదవి కదుపుతున్నాను. అక్క మాట్లాడకుండా చివరిదాకా చూసింది. పార్వతి ఇంటి ముందు దేవదాసు పడి చనిపోయే ఘట్టంలో నాకు కళ్లు చెమర్చాయి. అక్కకు చెమర్చలేదు. ‘అతను పోయాడు, బాగానే ఉంది. తెల్లారి ఆ వాకిలి కడిగే మనిషి మీద ఎవరైనా పాట రాశారా?’ అని లేచి వంటింట్లోకి వెళ్లింది. ఎన్ని తెల్లవారుజాముల్లో బావను వీధి అరుగు మీద నుంచి లేపి భుజం మీద ఇంటికి తెచ్చిందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ రోజు నుంచి ఆ సినిమాలో నేను సావిత్రినే చూస్తాను. వయసు మళ్లిన జమీందారు ఇంట్లో, తన ఈడు పిల్లలకు తల్లిగా, ఇంటి పెత్తనం నెత్తిన వేసుకుని, తడబడకుండా తిరిగే పార్వతి. ఆమె దుఃఖానికి సీసా లేదు, నేస్తం లేడు, రైలు ప్రయాణం లేదు. పాటల మీద నా ప్రేమ మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు. సుబ్బరామన్ కట్టిన ఆ బాణీలకు సాటి వచ్చేవి నాకు తెలిసి చాలా తక్కువ. సినిమా దిగిపోయింది, సంగీతం ఉన్నచోటే ఉంది. ఈ రెండు మాటలనూ ఒకదానితో ఒకటి రాజీ చేయాలని నేను అనుకోవడం లేదు.

పెళ్లయ్యాక నేను పాలమూరు కోడలినయ్యాను. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్. దారి పొడవునా గుట్టలు, ఎర్రనేలలు, జొన్నచేలు. కొత్తలో ఆ ఇంట్లో నాకు ధైర్యం ఇచ్చింది మామయ్యగారి పుస్తకాల బీరువా. ఆయన తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించారు. ఆయన కళ్లకు శుక్లాల ఆపరేషన్ జరిగినప్పుడు, కొన్నాళ్లు చదవకూడదన్నారు. చదవకుండా ఉండలేని మనిషి. అందుకని మధ్యాహ్నాలు నన్ను చదివి వినిపించమన్నారు. బీరువాలోంచి ఆయన తీయమన్నది సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’.

నాకు మనసులో ఉస్సూరుమంది. నల్లగొండ జిల్లా గ్రంథాలయంలో, పరీక్ష కోసం, ఆ పుస్తకాన్ని అంతకు ముందే చదివాను. ప్రశ్నకు పనికొచ్చే సంగతులు మాత్రం ఏరుకున్నాను: 1949లో అచ్చయింది, 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దానికే వచ్చింది, అప్పటికి రచయిత కన్నుమూసి రెండేళ్లయింది. పేజీ పేజీకీ పాత పద్యాల ముక్కలు, పాల్కురికి సోమనాథుడు అన్నాడనీ శ్రీనాథుడు అన్నాడనీ ఉదాహరణలు. అప్పుడు నాకు అది మామిడిపండు అడిగితే టెంకల బుట్ట చేతిలో పెట్టినట్టు అనిపించింది.

బిగ్గరగా చదవడం మొదలుపెట్టాక సంగతి వేరు. మామయ్యగారు పద్యం సగం చదవగానే మిగతా సగం కళ్లు మూసుకునే అందుకునేవారు. అసలు విశేషం ఆయన కాదు, అత్తమ్మ. ఆమెకు చదువు రాదు. పుట్టింది గద్వాల వైపు, సురవరం వారి సీమలోనే. నేను చదువుతుంటే కాస్త దూరంగా గోడకు ఆనుకుని పత్తితో వత్తులు చేసుకునేది. జనం ఏం తినేవారు, ఏం కట్టుకునేవారు, పిల్లలు ఏం ఆడేవారు, ఏ దేవతలకు మొక్కేవారు, సంతలో ఏం అమ్మేవారు, ఇవన్నీ ఆ పుస్తకంలో వస్తాయి. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి, కావ్యాల్లో ఎక్కడో ఒక పాదంలో దాక్కున్న అంబలినీ, గొంగడినీ, జాతరనూ ఏరి రాశారు ఆయన. అర్థం తెలియని మాట వచ్చినప్పుడు నేను దాటేయబోతే అత్తమ్మ ఆపేది. ‘మళ్లీ చదువు’ అనేది. రెండోసారి విని, అది ఫలానా గిన్నె అనో, ఫలానా చెట్టు బెరడు అనో చెప్పేది. తెలుగు పండితుడైన మామయ్యగారు నోరు తెరుచుకుని వినేవారు.

పులిజూదం దగ్గరికి వచ్చినప్పుడు పుస్తకం మూసేయాల్సి వచ్చింది. అత్తమ్మ వత్తులు పక్కన పెట్టి, లోపలి నుంచి ముగ్గు చిప్ప తెచ్చి, నేల మీద గీసింది. కొండ ఆకారంలో మూడు కోణాలు, శిఖరం నుంచి కిందికి దిగే గీతలు, వాటిని కోస్తూ అడ్డగీతలు. 3 గులకరాళ్లు పులులు, 15 చింతగింజలు మేకలు. పులి మేక మీదుగా దూకితే మేక పోయినట్టు. పులి ఎటూ కదలలేకుండా మేకలు చుట్టుముడితే పులి కట్టుబడినట్టు. మామయ్యగారికి కంటికి పచ్చ అద్దాలు, చేత్తో తడిమి ఆడారు. ఆయన పులులను తీసుకున్నారు. అత్తమ్మ మేకలను అంచుల వెంబడి పేర్చుకుంటూ వచ్చింది. ‘నడిమికి తొందరపడి పోవద్దు, అంచున ఉన్న మేకను పులి దూకలేదు’ అని నాకు చెబుతూనే మూడు పులులనూ కట్టేసింది. ఆ పుస్తకంలో ఉన్నవన్నీ ఆమెకు తెలుసు. ‘ఇంత పెద్దాయన కూర్చుని ఇవన్నీ రాశాడా?’ అని ఆమె ఆశ్చర్యం. తను రోజూ చేసే పనులకు, ఆడిన ఆటలకు పుస్తకంలో చోటుందని ఆమెకు ఆ రోజు తెలిసింది. ఆ పేజీలు ఎవరి గురించి రాసినవో నాకూ ఆ రోజే తెలిసింది.

తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో ‘గోల్కొండ కవుల సంచిక’ తెచ్చిన మనిషి ప్రతాపరెడ్డిగారు. దాని గురించి అందరూ చెబుతారు, చెప్పాలి కూడా. నన్నడిగితే అంతకన్నా పెద్ద పని ఈ సాంఘిక చరిత్ర. దాన్ని ఒంటరిగా, మౌనంగా చదవకండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లకు వినపడేలా చదవండి.

పాటలకైతే పక్కన కూర్చునే మనిషి తెలిసినవారే కానక్కర లేదు. గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాట 2002లో ‘కుబుసం’ సినిమాలో వచ్చినప్పుడు ఊరూరా మోగింది. వెంకన్నది తెలకపల్లి మండలం గౌరారం, అప్పట్లో మా అత్తవారి జిల్లాయే అని మేమంతా మురిసిపోయాం. నాకు ఆ బాణీ ఇష్టం, అంతవరకే. ఒకసారి నాగర్‌కర్నూలు నుంచి వస్తుంటే బస్సులో ఆ పాట వేశారు. బిజినేపల్లి దాటాం. పక్క సీటులో ఒక పెద్దాయన, కాళ్ల మధ్య గోనెసంచి. పాటలో కుమ్మరి వాము అయింది, కమ్మరి కొలిమి అయింది, ఆ తర్వాత వడ్రంగి చెక్క చెక్కే బాడిస మాట వచ్చింది. ఆయన చేయి తనకు తెలియకుండానే సంచి మీదికి వెళ్లింది. సంచిలోంచి బయటికి పొడుచుకు వచ్చిన పిడి, ఏళ్ల తరబడి పట్టుకుని నునుపు తేలిన బాడిస పిడి. ‘పుణె పోతున్నానమ్మా, అక్కడ సెంట్రింగ్ పని ఉందట’ అన్నాడు. మరి బాడిస ఎందుకని నేను అడగలేదు. ఆ పాటలో చేతివృత్తులన్నీ వరుసగా వస్తుంటే ఇదొక జాబితాలా ఉందని అంతకు ముందు నాకు అనిపించేది. జాబితాలో ఉన్న మనిషి పక్కనే కూర్చుంటే అలా అనిపించదు.

ఎవరూ పక్కన ఉండకూడని పుస్తకాలు కూడా ఉన్నాయి. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ నాకు అలాంటిది. హాస్టల్లో ఒకసారి, పిల్లలు పెద్దయ్యాక ఒకసారి చదివాను. రెండుసార్లూ కథానాయకుడు సీతారామారావు మీద ఒకటే కోపం, రెండుసార్లూ పూర్తి చేశాక ఒకటే దిగులు. ఎవరికీ చదివి వినిపించాలని అనిపించలేదు. గొప్ప నవల. నా అభిప్రాయం ఒక్క అంగుళం కూడా కదలలేదు.

ఇక ‘మాయాబజార్’ గురించి. 1957లో కె.వి. రెడ్డి తీసిన ఈ సినిమా మీద మా అక్కాతమ్ముళ్లకు ఎప్పుడూ గొడవే. 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు తమ్ముడు పట్టుబట్టి అందరినీ తీసుకెళ్లాడు. నాకు రుచించలేదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే నలుపు తెలుపుల్లో కురిపించిన ఆ వెన్నెలకు రంగు అక్కరలేదని ఇప్పటికీ నా మాట. విందులో వంటలు రంగుల్లో చూస్తేనే ఆకలి వేస్తుందని వాడి మాట. చిన్నప్పుడు మా ఇద్దరికీ ఆ సినిమా అంటే విందు పాట ఒక్కటే. అది అయిపోతే లేచి ఆడుకోవడానికి వెళ్లిపోయేవాళ్లం.

ఈ మధ్య తమ్ముడి కూతురు సెలవులకు మా ఇంటికి వస్తే ఫోనులో దాన్నే పెట్టాను, నలుపు తెలుపుల్లోనే. పిల్ల విందు పాట దగ్గర నవ్వి ఊరుకుంది. మాయా శశిరేఖ వచ్చాక కదలలేదు. ‘అహ నా పెళ్లియంట’లో సావిత్రి సిగ్గుపడుతూనే ఉన్నట్టుండి ఘటోత్కచుడై, సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు దూసుకొచ్చే చోటు ఉంది కదా, అక్కడ ఆపి వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. పెళ్లి పీటల మీద లక్ష్మణ కుమారుడి కాలు తొక్కే చోట ముఖంలో వచ్చే మార్పును, తెర ఆపి, వేలు పెట్టి చూపించింది. ‘అత్తా, చూడు. కళ్లు మగవాడివి, చిరునవ్వు మాత్రం ఆడపిల్లది.’ ఆ సినిమాను నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు, ఆ క్షణం నా కంట పడలేదు. విందులో ఉన్నది ఎస్వీ రంగారావు ఆకారం, అట్టహాసం. ఆ ఆకారం లేకుండా, ఇంత చిన్న మనిషి ఒళ్లంతా ఆ రాక్షసుణ్ని నింపుకోవడం సావిత్రి చేసిన పని. నా లెక్కలో ఇప్పుడు సినిమా మొత్తంలో అదే మొదటి స్థానం.

ఈ మాట తమ్ముడికి ఫోన్ చేసి చెబితే ఒప్పుకోలేదు. రంగుల్లో చూస్తే ఆ కళ్లు ఇంకా బాగా తెలుస్తాయని వాదన మళ్లీ మొదటికి తెచ్చాడు. దసరాకు మహబూబ్‌నగర్ రమ్మన్నాను. రెండు ప్రతులూ పెట్టి, వాడి కూతుర్ని మధ్యలో కూర్చోబెట్టి చూస్తాం.